తువ్వాలు వెనక పాచిదెయ్యం

మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. చదువుకని కొన్నాం. వాడు చదువు సంగతి పక్కన పెట్టి, ఎక్కడెక్కడి పాత వీడియో గేమ్‌లన్నీ తెచ్చి అందులో ఎక్కించాడు. ఒక ఆదివారం నేను వంటింట్లో గోంగూర ఒలుస్తుంటే హాల్లోంచి ఒక చప్పుడు వినిపించింది. నీళ్ళ బిందెలో ఎవరో గొట్టం పెట్టి ఊదినట్టు, గుడగుడమని. కాసేపాగి మళ్ళీ.

"ఏంట్రా ఆ గోల?" అని కేకేశాను.

"గోల కాదమ్మా, నాచు. పట్టుకునే ముందు అలా సౌండ్ చేస్తుంది. అది వినగానే ఆగిపోతే చాలు, ఏమీ చెయ్యదు. చాలా ఈజీ."

చేతిలో గోంగూర కాడ అలాగే పట్టుకుని వెళ్ళి చూశాను. అదే. నీలం నీళ్ళు, అడుగున ఇసుక, ఇసుకలోంచి లేచిన మూడు పచ్చటి రెమ్మలు, వాటి మొదట్లో మూసుకున్న రెండు కళ్ళు. నా పాచిదెయ్యం! దాంతో నేను ఐదు నెలలు కుస్తీ పట్టాను. దానికి గొంతుందని మాత్రం నాకు తెలియదు. ఎలా తెలుస్తుంది, ఆ రోజుల్లో మా టీవీ సౌండ్ ఎప్పుడూ సున్నా మీదే ఉండేది.

"నువ్వెప్పుడైనా ఆడావా ఇది?" అని నవ్వాడు మావాడు.

"నీ మొహం. నాకేం పనీపాటా లేదనుకున్నావా?" అన్నాను.

అదీ అబద్ధమే. ఆ ఆట కోసం నేనాడిన అబద్ధాల్లో ఇది చాలా చిన్నది. పెద్దది వేరే ఉంది. అది చెప్పి పదిహేనేళ్ళు దాటింది, ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

పెళ్ళై కోనసీమ నుంచి గాజువాక వచ్చేసరికి నాకు ఇరవై మూడు. మా ఆయన స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. మేం అద్దెకున్న మేడలో ఆరు వాటాలు, అందులో నాలుగు ప్లాంటు వాళ్ళవే. ఎవరి షిఫ్టు ఎప్పుడో ఎవరికీ గుర్తుండేది కాదు. వారం వారం మారేది, మధ్యలో డబుల్ డ్యూటీలు, ఒకరి బదులు ఒకరు వెళ్ళడాలు. అందుకని మా మేడలో ఒక పద్ధతి ఉండేది. మగమనిషి నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే, బయటి గడియకి తువ్వాలు కట్టాలి. అంతే. ఆ తువ్వాలు కనిపిస్తే పాలవాడు ప్యాకెట్ కింద పెట్టి చప్పుడు చెయ్యకుండా పోయేవాడు. గ్యాస్ బండవాడు వెనక్కి తిరిగేవాడు. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగేవాళ్ళు. ఇంట్లో మేం కుక్కర్ పెట్టకుండా గంజి వార్చి అన్నం వండుకునేవాళ్ళం. టీవీ చూస్తే బొమ్మ మాత్రమే. ఫోన్‌ని దుప్పట్లో చుట్టి దిండు కింద తోసేసేవాళ్ళం. మేడ మొత్తానికి ఫోన్ మా ఇంట్లోనే ఉండేది లెండి, దానివల్ల నాకు కొంచెం పొగరు కూడా.

మా ఎదురు వాటాలో ఒక అక్క ఉండేది. సొంత అక్క కాదు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. పుట్టిల్లు ఎలమంచిలి పక్కన. వాళ్ళాయన ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఒక్కతే పాప, ఆరేళ్ళది. ఊళ్ళో తొలిసారి నన్ను పలకరించిన మనిషి ఆవిడే. "ఏటి సెల్లీ, ఒక్కదానివే ఏటి సేత్తన్నావ్, రా మా ఇంటికి," అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. నేనేం చేశానంటే, ఆ మాట తీరును మా అమ్మకి ఫోన్‌లో అనుకరించి చూపించి పకపకా నవ్వాను. ఆవిడ బీయే చదివి, పెళ్ళయ్యాక టీచర్ ట్రైనింగ్ చేసిందని అప్పటికి నాకు తెలియదు. తెలిసినా నవ్వేదాన్నేమో, నా టెక్కు అలాంటిది.

ఇక ఆట సంగతి. మా తమ్ముడు వేసవి సెలవులకొచ్చి, పట్నంలో పాతఊరి వైపు ఒక సాయిబుగారి కొట్లో టీవీ గేమ్ కొనిపించుకున్నాడు. వెళ్ళేటప్పుడు నాన్న తిడతాడని మా ఇంట్లో వదిలేసిపోయాడు. మొదట దుమ్ము పడుతుందని గుడ్డ కప్పాను. తర్వాత ఒకరోజు, ఊరికే, పనిచేస్తుందో లేదో చూద్దామని పెట్టాను. ఇంక చూసుకోండి!

ఒక బుడ్డోడు గెంతుకుంటూ గోడలెక్కి, గుంటలు దూకి, అడ్డమొచ్చినవాళ్ళ నెత్తిమీద కాలేసి తొక్కి ముందుకు పోతుంటాడు. మూడో అంకంలో సముద్రంలోకి దిగాలి. అక్కడుండేది ఈ దెయ్యం. చేపలొస్తే తప్పుకోవచ్చు, పీతలొస్తే తొక్కచ్చు. ఇది మాత్రం వెనకాల బొమ్మలోని మామూలు నాచులాగే ఉంటుంది, అదే పచ్చ, అదే ఊపు. దూరంగా ఉంటే కదలదు. పక్కనించి ఈదామా, రెమ్మలు సాగి కాళ్ళు చుట్టేస్తుంది. కిందికి లాగేస్తుంది. చంపడానికి లేదు. ఎప్పుడు సాగుతుందో అంతు చిక్కేది కాదు. ఒకచోటైతే వరసగా ఆరు, ఒకదాని పక్కన ఒకటి. ఆ ఆరింటి దగ్గర నేను ఎన్నిసార్లు చచ్చానో! దానికి పాచిదెయ్యం అని పేరు పెట్టింది నేనే. ఒకసారి మా ఆయన అప్పికొండ బీచికి తీసుకెళ్తే, అలలో నిజం నాచు నా పాదానికి చుట్టుకుంది. నేను పెట్టిన కేకకి చుట్టుపక్కలవాళ్ళు ఎవరో మునిగిపోయారనుకుని పరిగెత్తుకొచ్చారు. మా ఆయన ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. ఎందుకు జడుసుకున్నానో ఆయనకి చెప్పలేదు.

చెప్పడానికి మొహం చెల్లలేదు. పెళ్ళైన ఆడది, ఇరవై నాలుగేళ్ళొచ్చి, పొద్దున్నే పిల్లకాయలా టీవీ ముందు చతికిలబడి మీటలు నొక్కుతోందంటే నలుగురూ ఏమనుకుంటారు? ఒకరోజు అక్క తలుపు కొట్టింది, పెరుగు తోడు కోసం. నేను కంగారుగా ఆ గేమ్ పెట్టెని బియ్యం డబ్బాలో దాచి తలుపు తీశాను. ఆవిడ వెళ్ళాక చూస్తే నా ఆట మొదటికొచ్చింది. ఒళ్ళు మండిపోయింది. మర్నాడు మా ఆయన ఫస్ట్ షిఫ్ట్. తెల్లారకముందే ఐదింటి బస్సెక్కి వెళ్ళాడు. తొమ్మిదింటికి నేను ఏం చేశానో తెలుసా, తువ్వాలు తీసి గడియకి కట్టాను.

మేడ మొత్తం చప్పున నోరు మూసుకుంది. పిల్లలు చెప్పులు విప్పారు. పాలవాడు పిల్లిలా పోయాడు. నా ఆట కోసం! అబ్బ, ఎంత హాయిగా ఉందో ఆ రోజు. ఛీ, ఇప్పుడీ మాట రాస్తుంటే చెయ్యి ఆగుతోంది గానీ, ఉన్నమాట అది. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. ఆయన ఇంట్లో నిద్రపోతున్నా, డ్యూటీలో ఉన్నా, పొద్దున తొమ్మిదైతే తువ్వాలు, దుప్పట్లో ఫోన్, సౌండ్ లేని టీవీ. మధ్యాహ్నం ఆయన లేచేలోపో, వచ్చేలోపో అన్నీ సర్దేసేదాన్ని.

అలా రెండు నెలలు గడిచాక ఒక సాయంత్రం అక్క వచ్చింది. చేతులు నలుపుకుంటూ గుమ్మంలోనే నిలబడింది.

"సెల్లీ, నీకాడ ఓ పనుంది. మన వీధి సివర బడి ఉంది కదా, దాన్లో టీచరమ్మ ఒకలు మానేత్తన్నారట. నాను దరకాస్తు పెట్టినాను. రేపు పది దాటినాక ఫోన్ సేత్తానన్నారు హెడ్మిస్ట్రెస్సమ్మ. నీ నంబరే ఇచ్చీసినాను, ఏటనుకోకు."

"అయ్యో, అనుకోవడానికేముంది అక్కా!"

"ఫోనెత్తితే ఎంటనే రమ్మంతారట. ఎత్తకపోతే నా ఎనకాల ఇంకోలున్నారట, ఆలకి సేసేత్తారట. బేగీ మనిషి కావాల ఆలకి." కాస్త ఆగి, గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. "టీచరు పిల్లకి ఫీజుండదట సెల్లీ. మా పాప ఇంగిలీసు మీడియం సదువుతాది."

ఆ పాప వాళ్ళమ్మ కొంగు పట్టుకుని నా వంకే చూస్తోంది. దాని చేతిలో ఆ బడి కాగితం ఉంది, టై కట్టుకున్న పిల్లల బొమ్మతో. నేను దాని బుగ్గ గిల్లి, "నేనుంటాగా అక్కా. ఫోన్ రాగానే ఎత్తి మిమ్మల్ని కేకేస్తాను. మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాను. పెద్దరికంగా ఇంకో మాట కూడా అన్నాను, "అక్కడ మాత్రం నాను అనకండి, నేను అనండి," అని. ఆవిడ బుద్ధిగా తలూపింది. నాలుగుసార్లు "నేను, నేను" అనుకుంది.

మర్నాడు మా ఆయనది ఫస్ట్ షిఫ్టే. నాకు అక్క ఫోన్ సంగతి గుర్తుంది. మర్చిపోయానని చెప్పుకుంటే కొంత పాపం తగ్గేది, కానీ గుర్తుంది. తొమ్మిదింటికి చేతులు వాటంతటవే తువ్వాలు కట్టేశాయి, ఫోన్‌ని దుప్పట్లో చుట్టేశాయి. పదవడానికి ఇంకా గంటుంది కదా, అప్పుడు తీద్దాం అనుకున్నాను.

ఆ రోజు నా ఆట ఎన్నడూ లేనంత బాగా సాగింది. పది దాటిందని టీవీ మీది గడియారంలో చూశాను. చూసి, ఒక్క నిమిషం అనుకున్నాను. బుడ్డోడు ఆరు దెయ్యాల వరస దగ్గరికి వచ్చాడు. ఒకటి దాటాడు. రెండు. మూడోదాని పక్కన ఉండగా దిండు కింద సన్నగా మోత మొదలైంది.

విన్నాను. అది ఫోన్ అని తెలుసు. ఎవరి కోసమో కూడా తెలుసు. లేస్తే బుడ్డోణ్ణి దెయ్యం పట్టేస్తుంది, ఇదొక్కటీ దాటి ఎత్తుదాం అనుకున్నాను. నాలుగు దాటేసరికి మోత ఆగింది. మళ్ళీ చేస్తుందిలే అనుకున్నాను. చేసింది. ఐదోది దాటుతున్నాను. మీట వదల్లేదు. ఆరోది దాటాను. ఐదు నెలల్లో మొదటిసారి! ఫోన్ ఆగిపోయింది.

బుడ్డోడు ఒడ్డెక్కి గంతులేస్తున్నాడు. నేను దుప్పటి లాగి ఫోన్ చెవిలో పెట్టుకున్నాను. గుయ్యిమంటోంది. పెట్టేసి, దాని ముందు కూర్చున్నాను. మోగవే తల్లీ, మోగవే అని బతిమాలుకున్నాను. పావుగంటైనా మోగలేదు. అప్పుడు టీవీ ఆపి, పెట్టె దాచి, అక్కకి ఏదో ఒకటి చెబుదామని తలుపు తీశాను.

అక్క మా గుమ్మం ముందు మెట్టు మీదే కూర్చుని ఉంది.

గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నేత చీర, ఒళ్ళో సర్టిఫికెట్ల ఫైలు. చెప్పులు విప్పి పక్కన జతగా పెట్టుకుంది. నన్ను చూడగానే లేచి, నోటికి వేలు అడ్డం పెట్టుకుని గుసగుసగా అడిగింది. "మరిదిగారు లెగిసినారేటి?"

"ఎప్పట్నుంచి కూర్చున్నారక్కా?"

"తొమ్మిదిన్నర కాడ్నించి. తువ్వాలు సూసినాను. మా ఇంట్లో కూకుంటే నువ్వు గట్టిగా కేకెయ్యాల, మరిదిగారికి నిద్ర సెడిపోతాది. ఇక్కడైతే తలుపు తీస్తే సాలు కదా అని." నవ్వింది. "ఫోనేటైనా వచ్చిందా?"

"రాలేదక్కా," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆవిడ ఫైలు చంకన పెట్టుకుని, తనే ఫోన్ చేస్తానంది. లోపలికి పిలిచాను. మునివేళ్ళ మీద నడుస్తూ వచ్చింది. మూసి ఉన్న పడగ్గది తలుపు వైపు ఒకసారి చూసి, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని, లోపల లేని మనిషికి నిద్రాభంగం కాకుండా, గొంతు బిగబట్టి మాట్లాడింది. "నేనండీ... నిన్న వచ్చాను కదండీ... అవునండీ..." నేను నేర్పిన "నేను" పొల్లుపోకుండా అంది. తర్వాత చాలాసేపు వింది. ఫోన్ పెట్టేసింది.

"రెండుమాట్లు సేసినారట. ఎవులూ ఎత్తలేదట. ఆలకి సెప్పీసినారట."

నా నోరు మళ్ళీ తెరుచుకుంది. "ఆయన పడుకున్నారని దుప్పట్లో చుట్టానక్కా. వినపడలేదు."

అప్పుడైనా తిట్టాల్సింది ఆవిడ. తిట్టలేదు. నా భుజం మీద చెయ్యేసి, నన్నే ఓదార్చింది. "నువ్వేటి సేత్తావ్ సెల్లీ. నైట్ డ్యూటీ మనిషికి నిద్ర లేకపోతే అక్కడ నిప్పుకాడ కళ్ళు మూతలు పడిపోవా? మనిషి కంటే ఎక్కువేటి ఉద్యోగం? పోన్లే." చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా తనే దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

నేను మంచం మీద కూలబడ్డాను. చెప్పేద్దామా అనుకున్నాను. ఏమని చెప్పను? టీవీలో నాచుగడ్డి దాటుతున్నానక్కా, అందుకని ఎత్తలేదు అనా? నా బుద్ధి గడ్డి తిన్నదని చెప్పుకోవాలన్నా కొంత ధైర్యముండాలి. తలుపు తీసి తువ్వాలు మాత్రం విప్పాను. విప్పి, లోపలికొచ్చి వంట మొదలుపెట్టాను.

మధ్యాహ్నం మూడు కావస్తుండగా మెట్ల మీద బూట్ల చప్పుడు. ఆ బూట్లు నాకు తెలుసు. అక్క బయట వరండాలో ఉతికిన బట్టలు ఆరేస్తోంది. వాళ్ళ మాటలు కిటికీలోంచి వినపడ్డాయి.

"ఏటండీ మరిదిగారు, ఇప్పుడెక్కడికెల్లొత్తన్నారు?"

"ఎక్కడికేమిటండీ, డ్యూటీ నుంచి. పొద్దున్న ఐదింటికి బస్సెక్కినవాణ్ణి, ఇదిగో ఇప్పటికి తెమిలాను." తల మీది హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు కాబోలు, ఇనుప రెయిలింగుకి తగిలి టంగుమంది.

అక్క తడి గుడ్డ దులుపుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆయన తలుపు నెట్టుకుని లోపలికొచ్చాడు. తెరుచుకున్న తలుపులోంచి ఆవిడ కనిపించింది. నా వైపు చూడలేదు. ఖాళీగా ఉన్న మా తలుపు గడియ వైపు చూస్తోంది.

ఆ రోజే ఆటని అట్టపెట్టెలో పెట్టి, తాడు కట్టి, అటక మీదికి తోసేశాను. దానివల్ల ఎవరికేం లాభం? సున్నుండలు చేసి పట్టుకెళ్ళాను. ఆవిడ తీసుకుంది, ఎప్పటిలాగే "ఏటి సెల్లీ" అంది, కానీ లోపలికి రమ్మనలేదు. మళ్ళీ ఎప్పుడూ మా ఇంటికి ఫోన్‌కి రాలేదు. వీధి మలుపులో ఎస్టీడీ బూత్‌కి వెళ్ళేది, వానలో గొడుగేసుకుని మరీ. పాప గుడ్డ సంచి తగిలించుకుని మునిసిపల్ బడికి వెళ్తుంటే నేను కిటికీ దగ్గర్నుంచి పక్కకి తప్పుకునేదాన్ని. ఆరేళ్ళ పిల్లకి జడిసి!

ఆ ఫోన్ సంగతి జరిగిన తర్వాతి వారం మా ఆయనకి నిజంగానే నైట్ పడింది. పొద్దున్న ఏడింటికి కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చి పడుకున్నాడు. నేను తువ్వాలు చేత్తో పట్టుకుని తలుపు దాకా వెళ్ళాను. కట్టలేకపోయాను. కడితే ఆవిడ చూస్తుంది. చూసి ఏమనుకుంటుంది? ఈవేళ నిజమక్కా అని వెళ్ళి చెప్పనా? తువ్వాలు మడిచి లోపల పెట్టేశాను. ఆ రోజు ఆదివారం. పిల్లలంతా మెట్ల మీదే, గోల గోల. లోపల ఆయన అటూ ఇటూ దొర్లుతూ విసుక్కుంటున్నాడు. "ఏం, తువ్వాలు కట్టలేదా?" అన్నాడు. నేను వెళ్ళి కిటికీ రెక్కలు మూశాను.

కాసేపటికి గోల ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక్క పిల్ల గొంతు కూడా లేదు. స్టవ్ మీద పెట్టిన పాలు అలాగే వదిలి, ఆశ్చర్యంగా తలుపు కొంచెం తీసి చూశాను.

మా గడియకి తువ్వాలు కట్టి ఉంది. మాది కాదు. వాళ్ళాయన ఆటోనగర్‌కి భుజాన వేసుకెళ్ళే ఎర్రగళ్ళ తువ్వాలు, ఎంత ఉతికినా గ్రీజు మరకలు పోనిది. మెట్ల మీద అక్క పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, పలకల మీద లెక్కలు చేయిస్తోంది. ఒక పిల్లాడు నోరెత్తబోతే పెదాల మీద వేలు పెట్టింది. "ఉష్. పిన్నిగారింట్లో నైట్ డ్యూటీ మనిషి పడుకున్నారు."

నేను బయటికొచ్చాను. ఆవిడ పక్కన, మెట్టు మీద, కూర్చున్నాను.

"అక్కా, ఆ రోజు..." అన్నాను.

ఆవిడ పలక మీది నుంచి తలెత్తలేదు. తప్పు పడిన అంకె చేత్తో చెరిపి, పాప చేతికి బలపం ఇచ్చింది.

"తెల్సు," అంది. "లోపలికెల్లు సెల్లీ. పాలు పొంగిపోతన్నాయి, వాసనొత్తన్నాది."